మధ్యలో మిగిలే నాలుగు మీటర్లు

(చూపులేని పాదచారుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

మిత్రులందరికీ నమస్కారం.

ఈ గదిలో చాలామంది చేతిలో తెల్లకర్ర ఉంది, జేబులో ఫోను ఉంది. నడిచేటప్పుడు ఈ రెండింటి పనులూ వేరు. ఏ పని దేనిదో తెలిసినవాళ్ళు ఎన్నడూ వెళ్ళని వీధిలో కూడా నిబ్బరంగా నడుస్తారు. కర్ర చేయవలసిన పనిని ఫోనుకు అప్పగించినవాళ్ళు దెబ్బ తింటారు. ఫోను చేయగలిగిన పనిని దానికి అప్పగించనివాళ్ళు ప్రతి మలుపులోనూ ఇంకొకరి చేయి కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతారు. ఈ పని పంపకం గురించి మాట్లాడాలనే వచ్చాను.

జీపీఎస్‌కు మీ ముందున్న గుంత తెలియదు. కాలిబాట మీద అడ్డంగా నిలిపిన మోటారు సైకిల్ తెలియదు. మీ తల ఎత్తున వంగి ఉన్న కొమ్మ తెలియదు. సిగ్నల్ ఎర్రగా ఉందో పచ్చగా ఉందో తెలియదు. భూమి మీద మీరు సుమారుగా ఎక్కడ ఉన్నారన్నది ఒక్కటే దానికి తెలుసు. ఆ ‘సుమారు’ ఎంతో తెలిస్తే మిగిలినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి. అందుకని కాసేపు అక్కడ ఆగుదాం.

జీపీఎస్ ఉపగ్రహాలు మనకు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్నాయి. ప్రతిదానిలోనూ అణు గడియారం ఉంటుంది. ‘నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత’ అని ఒక్కొక్కటీ రేడియో సంకేతం పంపుతూనే ఉంటుంది. ఆ సంకేతం మన దాకా రావడానికి సెకనులో సుమారు పదిహేనో వంతు పడుతుంది. ఎంత ఆలస్యంగా చేరిందో కొలిచి, ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో ఫోను లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి సంకేతాలు అందితే మన స్థానం తేలుతుంది. మూడు ఎందుకు చాలవంటే, ఫోనులో అణు గడియారం లేదు కాబట్టి. దాని గడియారంలో ఎంత తేడా ఉందో పట్టుకోవడానికి నాలుగోది కావాలి. ఈ లెక్క ఎంత సున్నితమైనదంటే, సెకనులో వంద కోట్లవ వంతు తేడా వచ్చినా దూరంలో 30 సెంటీమీటర్ల తప్పు వస్తుంది.

ఇప్పుడు ఎత్తయిన భవనాల మధ్య నిలబడ్డామనుకోండి. సంకేతం తిన్నగా రాదు. ఎదుటి గోడకు తగిలి, అక్కడి నుంచి మన ఫోనుకు చేరుతుంది. అది చుట్టు తిరిగి వచ్చిందని ఫోనుకు తెలియదు. దూరం ఎక్కువైందనుకుంటుంది, మనల్ని పక్క వీధిలో నిలబెడుతుంది. నగరాల నడిబొడ్డున దారి చెప్పే యాప్ తడబడటానికి ఎక్కువగా కారణం ఇదే. 2018 నుంచి కొన్ని ఫోన్లలో రెండు పౌనఃపున్యాల మీద సంకేతాలు అందుకునే సదుపాయం వచ్చింది. గోడలకు తగిలి వచ్చే సంకేతాల వల్ల కలిగే తప్పు వాటిలో కొంత తగ్గుతుంది. రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బెయ్‌డౌ ఉపగ్రహాలను కూడా ఇప్పటి ఫోన్లు కలిపి వాడుకుంటాయి. ఇన్ని చేసినా, పైన ఆకాశం పూర్తిగా తెరుచుకుని ఉన్నచోట మామూలు ఫోను చెప్పే స్థానానికీ మనం నిజంగా నిలబడిన చోటుకూ సుమారు 5 మీటర్ల తేడా ఉండవచ్చు.

కారులో వెళ్ళేవారికి ఆ 5 మీటర్లు లెక్కలోకే రావు. అద్దంలోంచి చూసి సరిచేసుకుంటారు. మనకు మాత్రం కాలిబాట మీద ఉన్నామా, వాహనాల మధ్యలో ఉన్నామా అన్నది ఆ 5 మీటర్లలోనే తేలుతుంది. గేటు ముందు ఉన్నామా, దాన్ని దాటిపోయామా అన్నదీ అందులోనే తేలుతుంది. ఇరుకు వీధి అయితే ఈ పక్కా ఆ పక్కా రెండూ అందులోనే ఇమిడిపోతాయి.

మన కర్ర కొస చేరేది సుమారు ఒక మీటరు దూరం. ఆ మీటరులో కర్రను మించిన సాధనం నాకు ఇంతవరకు దొరకలేదు. పొడవాటి కర్రను అడుగుకు తగ్గట్టు ఈ పక్కకూ ఆ పక్కకూ ఆడిస్తూ నడిచే పద్ధతిని 1944లో అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ రూపొందించారు. యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం మొదలైన ఆ పద్ధతినే ఈ రోజుకూ మనకు నేర్పుతున్నారు. దాని లెక్క మీటరు దగ్గర ముగుస్తుంది. ఫోను లెక్క ఐదు మీటర్ల అవతల మొదలవుతుంది. మధ్యలో నాలుగు మీటర్లు మిగిలాయి. అవి చెవులవి, పాదాలవి, చర్మానివి. చూపులేని పాదచారి నైపుణ్యమంతా ఆ నాలుగు మీటర్లలోనే ఉంది. ఏ యాప్ ప్రకటన చదివినా నేను మొదట అడిగే ప్రశ్న, ఇది ఆ నాలుగు మీటర్ల సంగతి ఏమంటోంది అని.

ఈ సాధనాల వెనుక ఉన్న మనుషుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళలో మనవాళ్ళున్నారు. రెజినాల్డ్ గొల్లెడ్జ్ అని ఒక భూగోళ శాస్త్రవేత్త ఉండేవారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం సాంటా బార్బరా శాఖలో పనిచేసేవారు. మనుషులు ఊరి పటాన్ని మనసులో ఎలా గీసుకుంటారన్నది ఆయన పరిశోధన. 1984లో ఆయనకే చూపు పోయింది. అదే విశ్వవిద్యాలయంలో జాక్ లూమిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఉపగ్రహాల సాయంతో చూపులేనివారికి దారి చెప్పే పరికరం సాధ్యమని అప్పుడప్పుడే ఆలోచిస్తున్నారు. వీళ్ళిద్దరికీ రాబర్టా క్లాట్జ్కీ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త తోడయ్యారు. వాళ్ళు తయారుచేసిన తొలి నమూనాను వీపున సంచిలో మోసుకుంటూ నడవాల్సి వచ్చేది. అందులో నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన ఒకటుంది. భవనం పేరు చెవిలో ఎక్కడో ఒకచోట వినిపించడం కాదు, ఆ భవనం ఉన్న దిక్కు నుంచే వినిపించాలి. కుడివైపు ఉన్న గ్రంథాలయం కుడివైపు నుంచే పలకాలి. మెదడు దాన్ని లెక్క వేసుకోనక్కరలేదు, తల అటు తిరుగుతుంది అంతే.

అప్పట్లో సామాన్యులు వాడుకునే జీపీఎస్ సంకేతాన్ని అమెరికా సైన్యం కావాలనే పాడుచేసి పంపేది. దాంతో 100 మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే నెల మొదట్లో ఆ అడ్డంకిని తొలగించారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళలోనే మన కోసం ప్రత్యేకంగా తయారైన పరికరాలు బజారులోకి వచ్చాయి. చూపులేని వ్యాపారవేత్త మైక్ మే స్థాపించిన సెండెరో గ్రూప్, బ్రెయిల్‌లో రాసి చదువుకునే పరికరమైన బ్రెయిల్‌నోట్ మీద జీపీఎస్ తెచ్చింది. ట్రెక్కర్ అనే మరో పరికరం వచ్చింది. 2009లో ఐఫోనులో, తెర మీద ఉన్నది చదివి వినిపించే వాయిస్‌ఓవర్ చేరడంతో ప్రత్యేక పరికరం కొనక తప్పదన్న పరిస్థితి మారడం మొదలైంది.

చరిత్ర ఇంతటితో చాలు. దిక్కు గురించి మాట్లాడాలి. కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే.

మీరు ఎక్కడ ఉన్నారో ఉపగ్రహం చెబుతుంది. ఎటు తిరిగి నిలబడ్డారో చెప్పలేదు. అది తెలియాలంటే ఫోనుకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, లోపలున్న దిక్సూచి. రెండోది, మీరు నడవడం. నాలుగడుగులు వేస్తే, పోయిన క్షణంలో ఉన్న చోటికీ ఈ క్షణంలో ఉన్న చోటికీ తేడా చూసి, మీరు ఎటు వెళుతున్నారో గుర్తుపడుతుంది. దిక్సూచికి ఇనుము పడదు. నిలిపి ఉన్న లారీ పక్కన, ఇనుప రెయిలింగు పక్కన, అయస్కాంతం బిగింపు ఉన్న ఫోను కవరులో అది దారి తప్పుతుంది. కాబట్టి కవరు మార్చండి. ఫోనును గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో కొన్నిసార్లు తిప్పితే దిక్సూచి సర్దుకుంటుంది. ఇంటి గుమ్మంలో నిలబడి ‘ఉత్తరం వైపు నడవండి’ అని యాప్ చెప్పగానే ఏదో ఒక వైపు బయలుదేరవద్దు. వీధి పొడవునా మీకు తెలిసిన ఒక వైపుకు పదిహేను, ఇరవై అడుగులు సురక్షితంగా నడవండి. మలుపు దగ్గరవుతోందా, దూరమవుతోందా అని వినండి. దూరం పెరుగుతుంటే వెనక్కి తిరగండి. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు, చూపున్నవారు కూడా తెరమీద నీలం చుక్కను చూస్తూ ఇదే చేస్తారు.

కొన్ని యాప్‌లు దిక్కును గడియారం ముల్లులా చెబుతాయి. పన్నెండు గంటలంటే ఎదురుగా, మూడు గంటలంటే కుడిచేతి పక్క. ఇది మీరు తిరిగి ఉన్న వైపును బట్టి మారేది. ఉత్తరం, తూర్పు మారవు. రెండూ నేర్చుకోండి. శిక్షకులకు నా విన్నపం ఒకటే, పిల్లలకు ఎడమ, కుడి నేర్పి ఆపేయకండి. ఉదయం ఎండ చెంప మీద పడుతుంటే తూర్పు ఎటో చెప్పించండి. దిక్కులు తెలియని పిల్లవాడికి ఎంత మంచి యాప్ ఇచ్చినా ఆదేశాలు వినడమే వస్తుంది, వీధి అర్థం కాదు.

రోడ్డు దాటడం గురించి నేను మొహమాటం లేకుండా చెబుతాను. ‘రోడ్డు దాటండి’ అని ఫోను చెప్పిందని రోడ్డు దాటకండి. పటంలో గీత రోడ్డుకు అవతలి వైపు ఉంది కాబట్టి అది ఆ మాట అంటుంది. వాహనం వస్తోందో లేదో దానికి తెలియదు. కాలిబాట అంచుకు చేరగానే ఫోను మాటను ఆపేయండి. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్లలో చాలావాటికి ఒక్క తాకుడుతో మాట ఆగుతుంది, ఆ తాకుడు వేళ్ళకు అలవాటయ్యేదాకా సాధన చేయండి. తర్వాత చెవులు మాత్రమే పనిచేయాలి. మీకు సమాంతరంగా వెళ్ళే వాహనాలు కదిలాయా, మీకు అడ్డంగా వెళ్ళేవి ఆగాయా వినాలి. నేర్చుకున్న పద్ధతిలో తిన్నగా అవతలికి చేరిన తర్వాతే ఫోను సంగతి.

తిన్నగా అన్నాను. అది ఎంత కష్టమో అందరికీ తెలియదు. కంటికి గానీ చెవికి గానీ ఆనవాలు దొరక్కపోతే మనిషి తిన్నగా నడవలేడు. 2009లో జర్మనీలో జాన్ సౌమన్ బృందం కళ్ళకు గంతలు కట్టిన మనుషులను మైదానంలో తిన్నగా నడవమంది. వాళ్ళు తమకు తెలియకుండానే గుండ్రంగా తిరిగారు. కొందరు తిరిగిన వలయం వ్యాసం 20 మీటర్లు కూడా లేదు. విశాలమైన రోడ్డు దాటుతూ ఒక పక్కకు ఒరిగిపోవడం ఎవరి చేతగానితనమూ కాదు, మనిషి శరీరం తీరే అంత. అయితే ఇక్కడ ఫోను సరిచేయగలదా? లేదు. మీరు రెండు మీటర్లు పక్కకు ఒరిగితే ఐదు మీటర్ల తేడా ఉన్న పరికరానికి అది అందదు. పెద్ద పార్కులో, మైదానంలో వంద మీటర్లు నడవాలంటే మాత్రం అందుతుంది. అక్కడ పైన ఆకాశం తెరుచుకుని ఉంటుంది, కాలికి దారి అంచు తగలదు, గోడ ఉండదు. గమ్యం వైపు నుంచి ఆగి ఆగి ఒక శబ్దం వినిపిస్తూ ఉంటే, దాన్ని ఎదురుగా పెట్టుకుని నడిచిపోవచ్చు. అలాంటి చోట కర్రకన్నా ఫోనే ఎక్కువ పనిచేస్తుందని నా అనుభవం.

ఇక గమ్యం చేరడం. ‘మీరు గమ్యాన్ని చేరుకున్నారు’ అన్న మాట మనందరం విన్నదే. ఆ మాట వినిపించిన చోట నిలబడి ఏం చేయాలో ఒక ఉదాహరణతో చెబుతాను.

నేను ఒక పెద్ద ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళాను. వీధిలో కొంత దూరం నడిచాక గమ్యం కుడివైపు ఉందని ఫోను చెప్పి ఆగిపోయింది. కుడివైపు కర్ర చాపితే ఇటుక గోడ. కొంచెం ముందుకు జరిగి చాపినా అదే. గోడ లోపలి నుంచి జనరేటరు మోత, అరచేయి ఆనిస్తే సన్నగా అదురు. ఫోను అబద్ధం చెప్పలేదు, ఆసుపత్రి నిజంగానే కుడివైపు ఉంది. పటంలో ఆ ఆసుపత్రికి ఉన్నది ఒకే ఒక చుక్క, అది భవనం నడిమధ్యన ఉంది. ఆ చుక్కకు దగ్గరగా ఏ రోడ్డు వెళుతోందో యాప్ చూసింది. అది వెనుక వీధి. అందుకని వెనుక వీధిలో ప్రహరీ దగ్గర నన్ను వదిలేసింది.

ఇక్కడి నుంచి ఆ నాలుగు మీటర్ల చదువు పనిచేయాలి. గోడను కుడిచేతి పక్కన ఉంచుకుని, కర్ర కొసను దాని అడుగుకు తాకిస్తూ నడిచాను. మూల వచ్చింది, గోడతో పాటే తిరిగాను. జనరేటరు మోత వెనకబడింది. కొంత దూరం పోయాక గోడ నుంచి తిరిగి వచ్చే నా అడుగుల చప్పుడు ఒక్కసారి పలచబడింది, అంటే పక్కన ఖాళీ ఉందన్నమాట. వాహనాలు ఆగే చప్పుడు, తలుపులు వేసే చప్పుడు, నలుగురు మాట్లాడుకునే గొంతులు వినిపించాయి. కాలి కింద నేల కొంచెం ఎత్తుకు వాలింది, వాహనాలు లోపలికి వెళ్ళడానికి వేసిన వాలు అది. గేటు దొరికింది. లోపలికి వెళ్ళే ముందు గేటు పక్కన జనానికి అడ్డం లేకుండా అరనిమిషం కదలకుండా నిలబడ్డాను. అలా నిలబడితే చాలాసార్లు ఫోను లెక్క కొంత స్థిరపడుతుంది. అప్పుడు ఆ చోటును ‘ఆసుపత్రి ముందు గేటు’ అని సొంత గుర్తుగా దాచుకున్నాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఆసుపత్రి పేరు వెతకలేదు. నేను దాచుకున్న గుర్తునే గమ్యంగా పెట్టాను. గేటు ఇంకా పది మీటర్లు అనగానే ఫోనును జేబులో వేసి, వాలు కోసం పాదాలతో, ఖాళీ కోసం చెవులతో వెతకడం మొదలుపెట్టాను. పది మీటర్లు అన్న మాటను నేను దూరంగా తీసుకోను. ఇక నీ పని నువ్వు మొదలుపెట్టు అన్న సూచనగా తీసుకుంటాను. మీరు తరచూ వెళ్ళే ప్రతి చోటుకూ ఇలా గుర్తులు పెట్టుకోండి. కార్యాలయం మెట్లు, బస్సు ఆగే స్తంభం, స్నేహితుడి ఇంటి సందు మొదలు. మీరు పెట్టుకున్న గుర్తులే మీ అసలు పటం. వాటికి అప్పుడప్పుడు నకలు తీసి వేరే చోట దాచడం కూడా మరవకండి, ఫోను పోతే పటం పోకూడదు.

ఇందాక విరామంలో ఒక అమ్మాయి అడిగారు, ఇంత చెబుతున్నారు కదా, మలుపుల దగ్గర ఇన్ని జాగ్రత్తలు పడాల్సి వస్తే ఇక ఈ యాప్ వల్ల లాభమేమిటి అని. ఎంతో మంచి ప్రశ్న. నేను ఈ రోజు చెప్పదలచుకున్న అసలు మాట దీనికి జవాబులోనే ఉంది.

మలుపులు చెప్పడం ఈ సాధనాల గొప్పతనం అని నేను అనుకోను. చూపున్నవారు వీధిలో నడుస్తుంటే, అడగకుండానే వాళ్ళకు ఎన్నో విషయాలు తెలుస్తూ ఉంటాయి. ఇక్కడ కొత్తగా పుస్తకాల దుకాణం తెరిచారు, అక్కడ బ్యాంకు ఉంది, ఈ సందు పేరు ఫలానా. అవసరం లేకపోయినా తెలుస్తాయి. ఎప్పుడో అవసరం పడినప్పుడు గుర్తొస్తాయి. మనం ఏళ్ళ తరబడి నడిచిన వీధిలో కూడా మనకు తెలిసేది మనం వెళ్ళే రెండు మూడు గుమ్మాలు. వాటి మధ్య ఉన్నదంతా మనకు గోడే. వీధి మీద నాకూ హక్కుంది కదా, నడిచిపోతూ దాని గురించి తెలుసుకునే హక్కు నాకెందుకు లేదు అన్న బాధ నాకు చాలాకాలం ఉండేది.

ఆ గోడను తొలగించినవి చుట్టుపక్కల ఏముందో చెప్పే యాప్‌లు. ఫిన్లాండుకు చెందిన ఇల్కా పిర్తిమా 2012లో బ్లైండ్‌స్క్వేర్ తెచ్చారు. మీరు గమ్యం ఏదీ పెట్టనక్కరలేదు. నడుస్తూ ఉంటే చాలు, దగ్గర పడిన కూడలి పేరు, పక్కనున్న దుకాణం పేరు చెబుతుంది. 2018లో మైక్రోసాఫ్ట్ సౌండ్‌స్కేప్ తెచ్చింది. గొల్లెడ్జ్, లూమిస్‌ల పాత ఆలోచన అందులో సామాన్యుడి చేతికి వచ్చింది. దుకాణం ఏ వైపు ఉంటే ఆ వైపు నుంచే పేరు వినిపిస్తుంది. మొదటిసారి దాన్ని పెట్టుకుని నాకు బాగా తెలిసిన వీధిలో నడిచినప్పుడు, రెండు పక్కల నుంచీ పేర్లు వినిపిస్తుంటే నడక ఆపి నిలబడిపోయాను. రోజూ దాటి వెళ్ళే చోట ఒక సంగీత పాఠశాల ఉందని ఆ రోజు తెలిసింది. ఆ పాఠశాలతో నాకు పనేమీ లేదు. అయినా ఆ సంతోషం మాటల్లో చెప్పలేను.

కాబట్టి అమ్మా, నా జవాబు ఇది. ఆదేశాలు ఇచ్చే యాప్‌ను వాడండి, కాదనను. కానీ పరిసరాలు చెప్పే యాప్‌ను దానికన్నా ఎక్కువ వాడండి. తెలిసిన దారిలో కూడా వాడండి. ఒక వీధిని ఆదేశాలతో దాటితే ఆ ఆదేశాలే గుర్తుంటాయి, ఒక్క మలుపు తప్పితే అన్నీ పోతాయి. పేర్లతో, కూడళ్ళతో నడిస్తే పటం మీ తలలో గీసుకుంటుంది. అప్పుడు బ్యాటరీ అయిపోయినా మీరు తప్పిపోరు.

బస్సులోనూ ఇది ఎంత పనికొస్తుందో చెప్పాలి. కిటికీ పక్కన కూర్చోండి, ఆకాశానికి ఫోను కాస్త దగ్గరగా ఉంటుంది. పరిసరాలు చెప్పే యాప్‌ను తెరిచి ఉంచండి. దాటుతున్న కూడళ్ళ పేర్లు ఒక్కొక్కటీ వినిపిస్తాయి. మన స్టాపు వచ్చిందా అని పక్కవారిని పదేపదే అడగనక్కరలేదు. స్టాపుకు ముందు కూడలి వినగానే లేచి తలుపు దగ్గరకు వెళ్ళవచ్చు. ఒక్కోసారి పక్కవారే మనల్ని అడుగుతారు, ఇప్పుడు ఎక్కడికొచ్చాం అని. అద్దె కారులో ఒంటరిగా వెళ్ళే ఆడవాళ్ళకు ఇది భద్రత కూడా. కారు వెళ్ళవలసిన దారిలోనే వెళుతోందని ఎవరినీ అడగకుండా తెలుస్తుంది.

చెవుల గురించి ఒక జాగ్రత్త. రెండు చెవులనూ మూసే ఇయర్‌ఫోన్లు వీధిలో వద్దే వద్దు. ఒక్క చెవిలో పెట్టుకుంటే ఫరవాలేదని చాలామంది అనుకుంటారు. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో మెదడు తేల్చుకోవడానికి రెండు చెవులూ కావాలి. ఒకటి మూస్తే వాహనం ఉందని తెలుస్తుంది, ఎటు ఉందో సరిగా తెలియదు. ఎముక ద్వారా శబ్దాన్ని పంపే హెడ్‌ఫోన్లు చెంప ఎముక మీద ఆనుకుని ఉంటాయి, చెవి రంధ్రం తెరిచే ఉంటుంది. అయినా పెద్ద రద్దీలో ఆ మాట కూడా దృష్టిని లాగేస్తుంది, అందుకే అంచు దగ్గర ఆపమన్నది. మాట వేగం గురించి కూడా ఆలోచించండి. మనిషి సెకనుకు మీటరుకు పైగా నడుస్తాడు. నాలుగు సెకన్ల పొడవున్న వాక్యం ముగిసేసరికి మీరు ఐదు మీటర్లు ముందుకు వెళ్ళిపోయి ఉంటారు. ముఖ్యమైన మాట వస్తుంటే నిలబడి వినండి.

చేతుల సంగతి మరొకటి. ఒక చేతిలో కర్ర, రెండో చేతిలో ఫోను ఉంటే తలుపు ఎలా తీస్తారు, పడబోతే ఎలా ఆపుకుంటారు? ఫోను మెడలో వేలాడాలి, లేదా చొక్కా జేబులో ఉండాలి. తెర మీద వేలు జరిపి పనిచేయడం నడకలో కష్టమనిపించేవారికి బటన్లు ఉన్న ప్రత్యేక పరికరాలు ఇప్పటికీ ఉన్నాయి. హ్యూమన్‌వేర్ సంస్థ విక్టర్ రీడర్ ట్రెక్, దాని తర్వాత స్టెల్లార్ ట్రెక్ తెచ్చింది. పటాలు పరికరంలోనే ఉంటాయి, నెట్ అవసరం లేదు. వానలో తడిసిన వేలితో కూడా బటను నొక్కవచ్చు. ఖరీదు మాత్రం ఎక్కువ. వయసు మళ్ళాక చూపు పోయినవారికి, ఫోను తెర ఎంతకీ అలవాటు కానివారికి నేను వీటినే చెబుతాను. మిగిలినవారికి ఫోను చాలు.

గూగుల్ మ్యాప్స్‌లో నడిచేవారి కోసం వివరమైన మాట సాయం 2019 అక్టోబరులో వచ్చింది. సరైన దారిలోనే ఉన్నారని మధ్య మధ్య చెప్పడం, తర్వాతి మలుపు ఎంత దూరమో చెప్పడం, పెద్ద కూడలి దాటబోతుంటే జాగ్రత్త చెప్పడం అందులో ఉన్నాయి. మొదట అది అమెరికాలో ఇంగ్లీషులో, జపానులో జపనీసులో మాత్రమే వచ్చింది. మన దాకా ఏది వచ్చినా మన భాష గొంతుతో రావాలని అడుగుతూనే ఉండాలి. పరాయి ఉచ్చారణలో వీధి పేరు వింటే తెలిసిన వీధి కూడా తెలియనిదైపోతుంది.

యాప్‌లు ఉచితంగా వస్తున్నాయని సంతోషించే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి. సౌండ్‌స్కేప్‌ను మైక్రోసాఫ్ట్ 2023లో ఆపేసింది. ఎంతోమంది రోజువారీ నడకకు ఆధారమైన సాధనం ఒక సంస్థ నిర్ణయంతో ఆగిపోయింది. వాళ్ళు చేసిన ఒక మంచి పని, దాని కోడ్‌ను, అంటే యాప్‌ను నడిపించే రాతను, ఎవరైనా వాడుకునేలా అందరికీ వదిలిపెట్టారు. దాని ఆధారంగా సౌండ్‌స్కేప్ కమ్యూనిటీ, వాయిస్‌విస్టా లాంటి యాప్‌లు పుట్టాయి. కోడ్ వదలకపోయి ఉంటే ఇంత శ్రమా మట్టిపాలయ్యేది. అందుకే ఒకే యాప్ మీద ఆధారపడకండి. కనీసం రెండు నేర్చుకోండి, కోడ్ బయట ఉన్నది ఒకటి అందులో ఉండేలా చూసుకోండి.

ఇక్కడున్న చూపున్న మిత్రులకు ఒక పని చెబుతాను. ఈ యాప్‌లలో చాలావాటికి పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తుంది. 2004లో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిన పటం అది, ఎవరైనా దిద్దవచ్చు. నన్ను వెనుక గోడ దగ్గర వదిలేసిన యాప్‌కు లోటు ఉపగ్రహాల్లో లేదు. గేటు ఎక్కడుందో పటంలో ఎవరూ రాయలేదు, అంతే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో భవనానికి ప్రవేశద్వారం ఎక్కడో విడిగా గుర్తు పెట్టవచ్చు. పాదచారులు దాటే చోటు, అక్కడ సిగ్నల్ శబ్దం చేస్తుందా లేదా, కాలికి తగిలే గీతల పలకలు ఉన్నాయా లేదా, మెట్లు ఎన్ని, ఇవన్నీ రాయవచ్చు. అలా కాలికి తగిలే పలకలను 1965లో జపానులో సెయీచి మియాకే రూపొందించారు, 1967లో ఒకాయామాలో తొలిసారి పరిచారు. ఇప్పుడు ఎన్నో దేశాల కాలిబాటల మీద ఉన్నాయి. అవి ఎక్కడ మొదలవుతాయో తెలియకపోతే వాటి ఉపయోగం సగమే. మీరు రోజూ వెళ్ళే మూడు భవనాల గేట్లు గుర్తు పెట్టండి. కొత్త ఉపగ్రహం ఎగరనక్కరలేదు, కొత్త ఫోను కొననక్కరలేదు.

మనవాళ్ళు కూడా తప్పు కనిపించినప్పుడల్లా నివేదించండి. చాలా యాప్‌లలో దానికి వీలుంది. ‘పటం తప్పు’ అని రాస్తే ఎవరూ దిద్దలేరు. ఏ వీధిలో, ఏ దిక్కుకు తిరిగి, ఏది ఉండాల్సిన చోట లేదో రాయండి.

ఇప్పుడు పది నిమిషాల్లో బయటకు వెళదాం. ఇద్దరిద్దరుగా జట్టు కట్టండి, ప్రతి జట్టుతోనూ ఒక శిక్షకుడు ఉంటారు. ఫోను దిక్సూచిని ఇక్కడే సర్దుకోండి, మాట వేగం కొంచెం తగ్గించుకోండి. గమ్యం ఏదీ పెట్టవద్దు. ఈ భవనం చుట్టూ ఒకసారి తిరిగి, ఎన్ని గేట్లున్నాయో, ఏది ఏ వీధిలోకి తెరుచుకుంటుందో వచ్చి చెప్పండి. మీరు చెప్పినవి శిక్షకులు సాయంత్రంలోగా పటంలో చేరుస్తారు.